ఓణీ రంగు తెలిస్తే గదా గుడ్డ కట్టేది

మే 1, గురువారం

ఈ డైరీ అశ్విత ఇచ్చింది. ఏదో ఎరువుల కంపెనీది, పోయిన సంవత్సరంది. తేదీకి వారం కలవదు, కొట్టేసి రాసుకోవాల. అవ్వా, చెప్పిందే పదిసార్లు చెప్పి మా ప్రాణం తీస్తా ఉండావు, ఇందులో రాసుకో, ఎన్నిసార్లు చెప్పినా ఇది వింటాది అనింది.

నాకు జాబులు రాయడమే తెలుసు. ఐదో తరగతి దాకా చదివినాను. జాబు మొదట్లో అందరి క్షేమం అడగాల. ఇది ఎవురికీ పోయే జాబు కాదు కాబట్టి నేనే అడిగి నేనే చెప్పుకుంటాను.

సరళ, నా కూతురు, బాగుండాదా? బాగుండాది. నడుము నొప్పి. ఇనప ఫ్రేములు ఎత్తొద్దే అంటే ఎత్తుతాది.

అల్లుడు పెంచల్ బాగుండాడా? బాగుండాడు. దగ్గు తగ్గలేదు. బీడీ మానేసినా అత్తా అంటాడు. చొక్కా ఉతికేది నేను. జేబు వాసన వేరే మాట చెప్తాది.

మనవరాలు అశ్విత? బాగుండాది. పదమూడేండ్లు. రెండు నెలల కిందట పెద్దమనిషి అయింది. అన్నం తినదు, ఫోన్ తింటాది.

నేను? బీపీ నూటయాభై. మాత్ర మింగినాను. మింగినానో లేదో అని అనుమానం వచ్చి అట్ట తిప్పి చూసినాను. మింగినాను.

ఉదయగిరిలో నా కొడుకు మాలకొండయ్య బాగుండాడా? తెలవదు. కోడలు లిదియమ్మ? తెలవదు. వాడు నెలకోసారి నాకు ఫోన్ చేస్తాడు. అమా బాగుండావా అంటాడు. బాగుండాను అంటాను. నేను అడిగేలోపల పెట్టేస్తాడు. ఈ గడప తొక్కి రెండేండ్లయింది. చెల్లెలితో మాట కూడా లేదు.

మే 2, శుక్రవారం

అశ్వితకు ఓణీల ఫంక్షన్ పెట్టినారు. ఈ నెల 23, శుక్రవారం. ఆత్మకూరులోనే.

ఫంక్షన్లకు బ్యాక్‌డ్రాపులు కట్టేదే సరళ పని. ఇంటి ముందర గదే షాపు. ఫోటో బూత్ అని బోర్డు ఉండాది. మనిషి వెనక గుడ్డ కట్టి, పూలు పెట్టి, లైట్లు పెట్టి ఇస్తారు. వచ్చిన చుట్టాలు దాని ముందర నిలబడి ఫోటో తీసుకుంటారు. అన్నం తినకుండా అయినా పోతారుగానీ ఆ ఫోటో తీసుకోకుండా పోరు. గుడ్డలు ఇస్త్రీ చేసి చుట్టి పెట్టేది నేను. మడత గీత పడితే ఫోటోలో మనిషి వెనక గోడ పగిలినట్టు ఉంటాది. పడుకున్నా నాకు గీతలే కనపడతాయి.

సరళకు ఒక రూలు ఉండాది. ఎంత పెద్ద గిరాకీ అయినా సరే, గుడ్డ చూపించమంటే ముందు చీర రంగు ఏంది అని అడుగుతాది. ఎర్ర చీరకు ఎర్ర గుడ్డ కడితే తలకాయ ఒకటే గాల్లో తేలతా ఉంటాది. మెరుపుల చీరకు మెరుపుల గుడ్డ కడితే మనిషే కనపడదు. రంగు చెప్పనోళ్లకు గుడ్డ విప్పదు.

ఇప్పుడు సొంత కూతురికే రంగు తెలవదు. లంగా ఓణీ మేనమామ తేవాల. ఆయన తెచ్చిందే కట్టుకొని పిల్ల పీట మీద కూర్చోవాల. మేనమామ అంటే నా కొడుకు. వాడు వస్తే గదా రంగు.

మే 4, ఆదివారం

పెంచల్ ఉదయగిరి పోయి కార్డు ఇచ్చి వచ్చినాడు. మాలకొండ గేటు దాకా వచ్చి కార్డు తీసుకున్నాడంట. బావా లోపలికి రా, కాఫీ తాగు అన్నాడంట. కాఫీ ఇచ్చినాడంట. ఫంక్షన్ గురించి అడిగితే చూస్తాం బావా అన్నాడంట. చూస్తాం అంటే ఏంది? కోపంగా అన్నాడా మామూలుగా అన్నాడా అని పెంచల్‌ను మూడుసార్లు అడిగినాను. కాఫీ తాగతా అన్నాడత్తా, కాఫీ తాగేటప్పుడు ఎట్టంటారో అట్టన్నాడు అన్నాడు. మొగోళ్లను పంపిస్తే ఇట్టనే ఉంటాది.

లిదియమ్మ ఇంట్లో ఉందా అంటే లేదంట. చర్చికి పోయిందంట.

సాయంత్రం చేజర్ల నుంచి దేవకమ్మను తీసుకొచ్చినారు మనవలు. ఆమెకు ఎనబై నిండినాయంట, కేకు కోయిస్తారంట, గుడ్డ చూసుకోవాలంట. ఒక మనవడు బూడిద రంగు గుడ్డ బాగుండాది, రిచ్‌గా ఉండాది అన్నాడు. దేవకమ్మ దాని ముందర నిలబడి, ఒరే, కేకు కోస్తామని చెప్పి దినాల ఫ్లెక్సీకి ఫోటో తీస్తా ఉండారా, ఒకే ఖర్చులో అయిపోతాదని అనింది. అందరూ నవ్వినారు. ఆమె నవ్వలేదు. సరళకు ఇది మామూలే. ముసిలోళ్లకు వొట్టి గుడ్డ చూపించకూడదు అని నాకు ముందే చెప్పుండాది, విప్పింది నేనే. గులాబీల గుడ్డ ఖాయం చేసుకొని పోయినారు. పోతా పోతా దేవకమ్మ నా మొగం చూసి, నువ్వు కూడా ఒకటి తీయించి పెట్టుకోమే నాగులమ్మా, లేకపోతే ఆధార్ కార్డు ఫోటో వేస్తారు అనింది.

ఆధార్ కార్డు చూసుకున్నాను. బాగలేదు.

మే 6, మంగళవారం, పొద్దున పది

నేనే మాలకొండకు ఫోన్ చేసినాను. ఒస్తావా అని అడిగే ధైర్యం లేదు. గుడ్డ కట్టాల, ఓణీ ఏం రంగు తెస్తా ఉండావు నాయనా అని అడిగినాను. ఏ రంగు చెప్పినా వస్తాడనే గదా అర్థం. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది.

వెనక వాడి మెకానిక్ షెడ్డులో ఎవురో స్పానరు అడుగుతా ఉండారు. ఓణీ ఆ ఇంటోళ్లనే కొనుక్కోమనమా, వాళ్లకు ఏది ఏడ నిలబడాలో, ఎవురు ఏడ నిలబడాలో బాగా తెలుసు గదా అన్నాడు. మాత్రలు మింగతా ఉండావా అన్నాడు. పెట్టేసినాడు.

సరళ అడిగింది, ఏమన్నాడమా అని. లైన్ కలవలేదు అన్నాను.

మే 7, బుధవారం

బీపీ నూటడెబ్బై.

మే 8, గురువారం

మా చెల్లెలి కొడుకు తిరుపాలు వచ్చినాడు. వరసకు వాడూ అశ్వితకు మేనమామే. పెద్దమ్మా, మాలకొండ అన్న రాకపోతే నేను లేనా, నేను తెస్తాను అన్నాడు. ఫోన్లో ఫోటో కూడా చూపించినాడు. గులాబి రంగు లంగా, బంగారు అంచు, పచ్చ ఓణీ. మంచోడు. మంచితనం మీద పోతా ఉండే బండిని ఆపడం కష్టం.

పెంచల్‌కు బాగనే ఉండాది. ఈ నెల 18, ఆదివారం సాయంత్రం దాకా చూస్తాం, మాలకొండ దగ్గర నుంచి కబురు రాకపోతే సోమవారం పొద్దున్నే నిన్ను కొనుక్కోమంటాం అని తిరుపాలుకు చెప్పినాడు. న్యాయమే. పిల్లను వొట్టి పీట మీద కూర్చోబెట్టలేరు గదా.

నాకు మాత్రం భయం పట్టుకుంది. ఓణీకి నిలబడినోడే రేపు పెండ్లికి కూడా మేనమామగా నిలబడాల. పిల్లను గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చేది వాడే. ఆ చోటు ఒకసారి ఇంకొకరికి పోతే మాలకొండకు ఈ ఇంట్లో నిలబడే చోటు ఉండదు. వాడు రాడు, వీళ్లు పిలవరు. నేను పోయినాకనే వస్తాడు.

మే 10, శనివారం

ఈ రోజు షాపులో గిరాకీ లేదు. సరళ ఉండే గుడ్డలన్నీ ఒకటొకటే ఫ్రేముకు కట్టి చూసింది. అశ్విత నైటీలోనే నిలబడింది.

ముందు లేత ఊదా రంగుది, సీతాకోకచిలకలది. అశ్వితకు అదే కావాల, రీల్స్‌లో అందరిదీ అదేనంట. తిరుపాలు గులాబి లంగా దాని ముందర కడితే పిప్పరమెంటు డబ్బా మాదిరి ఉంటాది అనింది సరళ. తర్వాత అరిటాకులు, బంతిపూలది. పెంచల్‌కు అదే ఇష్టం. నాయనా నేనేమన్నా నైవేద్యమా, ఆకులో పెడతావు అనింది అశ్విత. తర్వాత రాజుల కోట బొమ్మది. దానికి లైటు పడితే కోట స్తంభం సరిగ్గా పిల్ల తలలోంచి పైకి లేస్తాది. మీగడ రంగు మడతల గుడ్డ ఒకటి ఉండాది, ఏ రంగుకైనా సరిపోతాది. దాన్ని కట్టి సరళ చానా సేపు చూసింది. ఏ రంగుకైనా సరిపోయే గుడ్డ ఎవురిదీ కాదమా అనింది. విప్పేసింది.

పిల్లను గుడ్డకు నాలుగు అడుగులు ముందర నిలబెట్టాల. ఆనుకొని నిలబడితే నీడ పడతాది. అశ్విత ఎన్నిసార్లు చెప్పినా వెనక్కి పోయి ఆనుకుంటాది. అవ్వా, గుడ్డ పక్కకు పోతే ఏముంటాది వెనక అని అడిగింది. గోడ అన్నాను. గోడ కాదు, ఇనప కడ్డీలు, సుతిలీ తాళ్లు, మా అమ్మ చెప్పులు అనింది.

సరళ నవ్వింది. చానా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, మామ ఏం రంగు తెస్తాడో ఏమో అని నోరు జారింది. నేను ఇస్త్రీ పెట్టె పెట్టుకున్నాను.

మే 11, ఆదివారం

ఇది రాయాలో వద్దో తెలవదు. అశ్విత ఈ డైరీ చదవదు. తెలుగు చదవాలంటే దానికి బద్దకం.

అటక మీద ఒక గుడ్డ ఉండాది. ఎంకటేశ్వరస్వామి నిలువు బొమ్మ, రెండు పక్కలా శంఖం, చక్రం. సరళ కొన్న మొదటి గుడ్డ అది. ఈ ఇంటి గృహప్రవేశానికి తెప్పించింది. దాన్ని చూసి మాకూ ఇస్తారా అని వీధిలో వాళ్లు అడిగినారు. అట్టనే షాపు మొదలయింది. ఇప్పటికీ గృహప్రవేశాల వాళ్లు వచ్చి దేవుడి గుడ్డ ఉందా అంటారు. చినిగిపోయింది అని చెప్తాది సరళ. చినగలేదు. మూడు నెలలకోసారి దించి దుమ్ము దులిపేది నేనే.

ఆ గృహప్రవేశం రోజు ఫోటో ఆయన ముందు ఆడోళ్లంతా రండి అన్నాడు. అందరం గుడ్డ ముందర నిలబడినాం. లిదియమ్మ నా పక్కన నిలబడింది. నీలం చీర. మాలకొండ ఇష్టపడి చేసుకున్న పిల్ల, చర్చికి పోయే పిల్ల, పదిహేనేండ్లుగా మాతో మంచిగా ఉండే పిల్ల. నేను సరళ చెవిలో చెప్పినాను. ఆయమ్మ ప్రార్థనలకు పోయే మనిషి, దేవుడి బొమ్మ ముందర ఫోటో దిగితే వాళ్లోళ్లు ఏమన్నా అంటారేమో, పక్కన ఉండమను అని. సరళ పోయి, వదినా కాస్త పక్కకు ఉంటావా అనింది. ఆమె పక్కకు పోయింది. కుర్చీలో కూర్చుంది. ఫోటో తీసినారు.

భోజనాల కాడ నుంచి మాలకొండ వచ్చి చూసినాడు. మేమంతా ఒక పక్క, ఆమె ఒకతే కుర్చీలో. ఎవురు చెప్పినారు అన్నాడు. సరళ ఉండమనింది అని ఆమె చెప్పింది. వాడు సరళను ఏమీ అరవలేదు. నా మనిషికి చోటు లేని ఫోటోలో నేను ఎందుకు అన్నాడు. బండి తీసినాడు. అన్నం కూడా తినలేదు.

సరళ ఒకసారి నా పక్క చూసింది. నేను కొంగు సర్దుకుంటా ఉండాను.

ఆమెకు ఇబ్బందని చెప్పినాను అని రెండేండ్లుగా నాకు నేను చెప్పుకుంటా ఉండాను. ఆమె అడిగిందా? ఆమె నవ్వుతా నిలబడుండాది. చుట్టాలంతా చూస్తా ఉండారని ఇబ్బంది నాకు.

అంతే. రాసినాను.

మే 12, సోమవారం

నిన్నటి పేజీ చించాలనుకున్నాను. చించితే వెనక పేజీ కూడా ఊడి వస్తాది.

మే 13, మంగళవారం

సరళ ఫ్రేముకు క్లిప్పులు పెడతా ఉండాది. పోయి అడిగినాను, ఆ మాట నేను చెప్పిందని మీ అన్నకు ఎందుకు చెప్పలేదు అని. రెండేండ్లలో ఈ మాట మా మధ్య ఇదే మొదలు. ఆమె క్లిప్పులు పెట్టడం ఆపలేదు. చెప్తే నీకు చేసే ఆ ఒక్క ఫోన్ కూడా ఆపేస్తాడు గదమా అనింది. నాకైతే మొగుడుండాడు, బిడ్డ ఉండాది, షాపు ఉండాది, నీకు ఏముండాది నెలకోసారి మోగే ఆ ఫోన్ తప్ప అనింది.

మరి బిడ్డ ఫంక్షన్ అన్నాను.

తిరుపాలు తెచ్చేది కూడా బాగానే ఉండాది, పిప్పరమెంటు మాదిరి ఉంటే ఉండనీ అనింది. క్లిప్పు వేలికి పట్టుకుంది. వేలు నోట్లో పెట్టుకొని లోపలికి పోయింది.

నేను ఆ ఫ్రేము కాడ చానా సేపు నిలబడినాను. గుడ్డ సగమే కట్టుండాది.

మే 14, బుధవారం, పొద్దున పదకొండు

సరళ, పెంచల్ మండపం కొలతలకు పోయినారు. నేను లిదియమ్మకు ఫోన్ చేసినాను. మాలకొండకు కాదు, ఆమెకు. నంబరు అశ్విత ఫోన్లో చూసి కాగితం మీద రాసుకున్నాను. రెండుసార్లు తప్పు నొక్కినాను. ఎవురో వరికుంటపాడు ఆయన ఎత్తి, తోటకు నీళ్లు పెడతా ఉండాను పెట్టెయ్ తల్లీ అన్నాడు.

మూడోసారి ఆమె ఎత్తింది. ఎనక కుట్టు మిషన్ నడస్తా ఉండాది. అత్తా బాగుండారా అనింది. మోకాళ్లు ఎట్టుండాయి అనింది. బాగుండాను, నువ్వెట్టుండావు అంటే మెడ నొప్పి అత్తా, జాకెట్లు ఎక్కువైనాయి అనింది. ఇంకా ఏం అడగాలో తెలవలేదు. అప్పుడు చెప్పేసినాను. ఆ రోజు నిన్ను పక్కకు పొమ్మని చెప్పింది సరళ కాదు, నేను చెప్తేనే ఆమె చెప్పింది, నీ గురించి కాదు, నలుగురిలో నాకే నామోషీ అయి చెప్పినాను అని.

మిషన్ ఆగింది.

తెలుసత్తా అనింది.

ఎట్టా తెలుసు అన్నాను. సరళ నా కాడికి వచ్చి చెప్పే ముందర మీ మొగం చూసింది, మీరు కిందికి చూసినారు, అప్పుడే తెలిసింది అనింది. మరి నీ మొగుడికి ఎందుకు చెప్పలేదు అన్నాను. ఎవురు ఉండమన్నారు అని అడిగినాడు, ఉండమనింది సరళే గదా, అదే చెప్పినాను, మీ పేరు చెప్తే ఆయన మీతో మాట్లాడడు, తల్లితో మాట మానుకున్న మనిషికి ఇంట్లో రోజూ అన్నం పెట్టేది నేను గదా, ఆ మొగం నేనెట్టా చూసేది అనింది. సరళకు ద్రోహం చేసినానని నాకూ మనసులో ఉండాది అనింది.

ముగ్గురు ఆడోళ్లకు తెలుసు. తెలవంది వాడు ఒకడికే.

ఇప్పుడు నువ్వే చెప్పమ్మా వాడికి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. మీ కొడుకు, మీ మాట, మీరే చెప్పాల అనింది. ఫోన్లో వద్దు, పెట్టేస్తాడు అనింది. నిన్ను బొట్టు పెట్టి పిలవాల గదా, ఎట్టా పిలిచేది అని అడిగినాను. మనిషి వచ్చి పిలిస్తే చాలత్తా అనింది.

వాడికి కోపం వస్తే అన్నాను. వస్తాది అనింది. అరుస్తాడు, అన్నం తినేటప్పుడు చెప్పండి, నోట్లో ముద్ద ఉంటే అరవలేడు అనింది. నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలవలేదు. తర్వాత ఓణీ తెస్తాడా అన్నాను. తెస్తాడో, మీతో కూడా మాట మానుకుంటాడో, దేవుడికి తెలుసు అనింది. అబద్ధం చెప్పలేదు. పదిహేనేండ్లుగా ఆమె ఒక్క అబద్ధం చెప్పగా నేను చూడలేదు.

ఈ ఆదివారం రమ్మనింది. చర్చి పదకొండుకు అయిపోతాదంట.

సాయంత్రం సరళకు చెప్పినాను. నేనూ వస్తానమా అనింది. వద్దన్నాను. నువ్వు వస్తే మళ్లీ నీ ఎనక నిలబడతాను అన్నాను.

మే 15, గురువారం

మాలకొండ ఫోన్ చేసినాడు. నెల కాలేదు ఇంకా. నేను వస్తా ఉండానని లిదియమ్మ చెప్పిందంట. ఎనిమిదింబావు బస్సు ఎక్కమన్నాడు, ఎండ ముదరక ముందే దిగొచ్చంట. సోమశిల చేపలు తెప్పిస్తాడంట, పులుసు వాడే పెడతాడంట. రెండేండ్ల తర్వాత ఏం పని పడిందమా నాతో అన్నాడు, నవ్వుతా.

వచ్చి చెప్తాను నాయనా అన్నాను.

పోయేది 18, ఆదివారం. తిరుపాలుకు చెప్పిన గడువు కూడా ఆ సాయంత్రమే.